చివరి బిగింపు

పద్నాలుగేళ్ళయింది. ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంత బరువుంటుందని ఎత్తుకున్న రోజున తెలియలేదు. తెలిసినా ఎత్తుకునేవాడినే, అదీ అసలు సంగతి.

నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యముంటే ఈ కాగితాలతో పనేముంది? జాలిపడదామని కూర్చుంటే మాత్రం ఇక్కడితో ఆపెయ్యి. నీ జాలి నాకక్కర్లేదు. తిట్టుకుంటూ చదువు, నాకూ అదే హాయి. నా పేరు రాయను. ఆయన పేరు మాత్రం రాస్తాను. నేను పాడుచేసింది ఆ పేరునే కదా.

అప్పలస్వామి మేస్త్రి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఆయనది కమాన్ల షెడ్డు. బండి కింద ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా ఉంటాయే, బరువంతా మోసేవి, వాటినే మేం కమాన్లంటాం. అవి విరిగినా, కుంగినా, బండి ఒక పక్కకి ఒరిగినా గాజువాక నుంచి భీమిలి దాకా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇంకెవరూ లేరని కాదు. ఆయన చెయ్యి పడితే మళ్ళీ విప్పక్కర్లేదని ఒక నమ్మకం.

ఆ షెడ్డులో రెండు కట్టుబాట్లుండేవి. ఎవరు పని చేసినా నట్ల చివరి బిగింపు మేస్త్రిదే. పానాకి రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా లాగేవాడు. బోల్టు కిర్రుమని ఒక చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు విన్నాక ఇంకో పావు చుట్టు. అంతే. ఆ తరువాత దాని మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. రెండోది, పని చేసినవాడు బండి మొదటి ప్రయాణంలో తను బిగించిన ఇరుసు మీద, వెనక నిలబడి వెళ్ళాలి. పక్కన డ్రైవరు దగ్గర కూర్చుంటే కుదరదు. "నీ పని మీద నువ్వే నిలబడకపోతే ఎవడు నిలబడతాడు" అనేవాడు. దీని ముందు నిమ్మకాయలూ కొబ్బరికాయలూ కూడా చాలవని ఆయన ఉద్దేశం.

నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు చేశాను. చివరి నాలుగేళ్ళు పనంతా నాదే.

ఇది ఎవరికీ తెలియదు. మేస్త్రి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. పట్టీకీ పట్టీకీ మధ్య సందు ఆయనకి కనిపించేది కాదు. ఆపరేషనంటే భయం. జనానికి తెలిస్తే బళ్ళు రావని ఇంకా భయం. అందుకని బండి కిందికి ఇద్దరం దూరేవాళ్ళం, లోపల పని నేను చేసేవాణ్ణి, ఆయన పైకి వినపడేలా నన్ను తిడుతూ ఉండేవాడు. "అలగ కాదురా, ఇలగ!" బయట నిలబడ్డవాళ్ళు ముసలాయన ఎంత కష్టపడుతున్నాడో అనుకునేవారు. చివరికి గొట్టం తొడిగిన పానా అందుకుని ఆయన బిగించేవాడు. దానికి కళ్ళక్కర్లేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంటే, "మేస్త్రీ, నీ సెయ్యే సెయ్యి" అనేవారు. ఆయన నవ్వేవాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. ఒక్కడూ నా వంక చూసేవాడు కాదు.

కడుపు మండదా? మండింది. రోజూ మండింది. ఆయన నాకు పని నేర్పాడు, పెళ్ళి చేయించాడు, నా భార్య పురిటికి ఆయన భార్య సత్తెమ్మగారు వారం రోజులు మా ఇంట్లో ఉంది. ఇవన్నీ నాకు గుర్తున్నాయి. గుర్తున్నకొద్దీ ఇంకా మండేది. మేలు చేసినవాణ్ణి ద్వేషించడం చాలా కష్టమైన పని, రోజంతా దాని మీదే ధ్యాస పెట్టాలి. నేను పెట్టాను.

ఇక నూకరాజు సంగతి. తొంభైల మధ్యలో పూడిమడక ఒడ్డు నుంచి చేపలు తోలే బళ్ళు పెరిగాయి. నూకరాజుది ఒక పాత డీజిలు పికప్పు. ఒడ్డుకి దిగే తారు రోడ్డు చివర బళ్ళన్నీ ఆగిపోయేవి. ఇసకలో దిగితే పొట్ట ఆనుకుని కూరుకుపోతాయి, ఉప్పునీళ్ళు ఇరుసుల్లోకి పోతాయి. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని పడవల దగ్గర్నుంచి రోడ్డు దాకా మోసుకొచ్చేవారు. నూకరాజుకి ఒక ఆలోచన వచ్చింది. బండిని అరడుగు పైకి లేపి, మిలటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పెద్ద జీపు టైర్లు తొడిగితే నేరుగా పడవ అంచుకే పోవచ్చు. అందరికంటే ముందు సరుకు వాడిదే.

"ఏరా పానా, మేస్త్రి ఉన్నాడా?" అంటూ వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా వాడు నన్ను పిలిచే పేరది. నాకో పేరుందని వాడెప్పుడూ అనుకోలేదు. సందులో మిగతావాళ్ళందరినీ బావా బావా అంటూ భుజం మీద చెయ్యేస్తాడు, నన్ను మాత్రం పనిముట్టు పేరుతో పిలుస్తాడు.

బండి లేపడం మాటలు కాదు. కమాను కట్టకీ ఇరుసుకీ మధ్య గట్టి ఇనుప దిమ్మలు పెట్టాలి. రెంటినీ కలిపి పట్టుకునే యూ బోల్టులు పొడుగువి చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకు నూనె వెళ్ళే రబ్బరు పైపు. బండి చట్రం నుంచి వెనక ఇరుసుకి వేలాడుతూ ఉంటుంది. బండిని పైకి లేపితే ఇరుసు కిందికి దూరమవుతుంది కదా, పాత పైపు చాలదు. నిలబెట్టిన బండికి బొటాబొటిగా సరిపోయినట్టే కనిపిస్తుంది. చక్రం ఏ గోతిలోనో దిగిందంటే పైపు సాగి, తెగుతుంది. ఆ పాత బండికి ఒక్కచోట తెగితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని నువ్వు అనుకోకూడదనే వివరంగా రాస్తున్నాను.

పొడుగు పైపు తెమ్మని మేస్త్రి నన్ను వన్ టౌన్ పంపాడు. సామాన్ల కొట్టాయన కొలత చూసి, అంత పొడుగుది తయారుగా లేదు, బిగించి ఇస్తాను సాయంత్రం రమ్మన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కొట్లో ఉన్న నలుగురితో, "మేస్త్రి ఈ వయసులో బండి అరడుగు లేపుతన్నాడంట, సూడండి" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు పక్కనుండి పానాలందిత్తావేటి?" అని నవ్వాడు. వాళ్ళూ నవ్వారు.

సాయంత్రం నేను వెళ్ళలేదు.

పాత పైపునే విప్పి డీజిలుతో కడిగాను. నల్లగా కొత్తదానిలా తేలింది. మళ్ళీ అదే బిగించాను. "పైపు మార్సేవేటిరా?" అని మేస్త్రి అడిగితే "మార్సేను" అన్నాను. ఆయన చెయ్యి చాచి తడిమాడు కూడా. తడి ఆరని నున్నటి రబ్బరు తగిలింది. "బాగున్నాది" అన్నాడు.

ఎందుకు చేశాను? ఎవరైనా చావాలనా? కాదు. ప్రమాణం చేసి చెప్పగలను, అయితే నా ప్రమాణాన్ని నేనే నమ్మను. నేను కోరుకున్నది చాలా చిన్నది. ఆ పైపు ఏ ఎన్నేడీ జంక్షను దగ్గరో కారాలి. నూకరాజు బండి తోయించుకుంటూ తిరిగిరావాలి. షెడ్డు ముందు నిలబడి, పది మంది వినేలా "ఇదేటి పని మేస్త్రీ" అనాలి. ఒక్కసారి. ఆ చెయ్యి కూడా తప్పుతుందని జనం ఒక్కసారి చూడాలి. అంతే నేను కోరుకున్నది. బ్రేకు పైపు అంత కొలిచి, నాకు కావలసినంత అవమానం మాత్రమే చేసి ఆగిపోతుందని అనుకున్నాను. పదకొండేళ్ళు పని నేర్చిన మనిషిని, అలా అనుకోగలిగాను.

మర్నాడు పొద్దున్న బండి సిద్ధమైంది. ఎత్తుగా, పొగరుగా నిలబడింది. సందులో జనం పోగయ్యారు. నూకరాజు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. మేస్త్రి గొట్టం తొడిగి చివరి బిగింపులు బిగించాడు. ఒక్కొక్క నట్టూ కిర్రుమనడం నేను విన్నాను. తరువాత ఆయన నన్ను కొలిమి వెనక్కి పిలిచాడు. అక్కడ జరిగిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"ఓరే, ఇయ్యాల బండి మీద నువ్వెక్కు," అన్నాడు.

"నానా? ఎందుకు మేస్త్రీ?"

"పని నీది గదా. నా కళ్ళ సంగతి నీకు తెల్దేటి? ఎన్నాళ్ళని దాసుకుంటాను. నూకరాజుకీ, ఆ జనానికీ నానే సెప్పేత్తాను, పనంతా ఈడిది, నానొట్టి బిగింపే సేసేనని. పదకొండేళ్ళు నా ఎనకాలే ఉన్నావు. ఇంక నీ పేరు మీద పని ఎల్లాల."

చూశావా? పదకొండేళ్ళుగా దేని కోసం కుళ్ళి చచ్చానో అది. నేను అడగకుండానే. ఆయన నోటితోనే. ఒక్కరోజు ముందు ఆ ముక్క అని ఉంటే సాయంత్రం వన్ టౌన్ పరిగెత్తి ఉండేవాణ్ణి కదా అని చాలా ఏళ్ళు ఆయన మీదే కోపం పెట్టుకున్నాను. ఆ తప్పు కూడా ఆయనదే అనుకుంటే కాస్త నిద్ర పట్టేది.

నోరు తెరిస్తే చాలు. పైపు మార్చలేదు మేస్త్రీ, ఒక్క పూట ఆగుదాం. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? బయట నూకరాజు హారను కొడుతున్నాడు. వాడి ముందు, ఆ జనం ముందు, నా పేరు చెప్పబోయే ఆ నిమిషాన నేను దొంగనని తేలాలి. అది నావల్ల కాలేదు. బండెక్కడం కూడా నావల్ల కాలేదు, ఎందుకంటే ఆ పైపు సంగతి ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఒద్దు మేస్త్రీ," అన్నాను. "మీరే ఎక్కండి. మీ పేరు మీదే ఎల్లనివ్వండి."

"అదేటిరా?"

"మీరుండగా నా పేరేటి మేస్త్రీ."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తల మీద చెయ్యి పెట్టి, "ఎర్రోడా" అన్నాడు. అది గౌరవమనుకున్నాడు. వెళ్ళి బండి వెనక ఎక్కి, ఎడమ చక్రం మీద, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను చెయ్యి ఊపాను.

ఊపాను, అవును. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.

తరువాత జరిగింది ఒడ్డున ఉన్నవాళ్ళు చెప్పగా విన్నది. యాభై కిలోమీటర్లు ఏమీ కాలేదు. తారు రోడ్డు మీద చక్రాలు దిగవు కదా. పూడిమడకలో రోడ్డు చివర, ఇసక మొదలయ్యే చోట వాన నీళ్ళకి కోసుకుపోయిన గొయ్యి ఉంది. మామూలు బళ్ళు అక్కడే ఆగిపోతాయి. నూకరాజు దర్జాగా దింపాడు. వెనక చక్రం దిగింది. అక్కడి నుంచి పల్లం. కింద పడవలు, తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు. వాడు బ్రేకు తొక్కితే కాలు నేలకి ఆనింది. నూకరాజంటే నాకు పడదు, ఈరోజుకీ పడదు, కానీ వాడు స్టీరింగు పక్కకి తిప్పెయ్యకపోతే ఆ ఆడవాళ్ళలో ఎంతమంది మిగిలేవారో చెప్పలేను. బండి ఎత్తు ఎక్కువ. తిప్పిన వెంటనే ఎడమ పక్కకి తిరగబడింది. మేస్త్రి కుడి చెయ్యి కమ్మీకి అంటుకునే ఉంది. ఆ కమ్మీ కిందే నలిగింది.

పక్క టెలిఫోను బూతుకి కబురొచ్చింది. నేను ఇంకో బండి పట్టుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. పికప్పు ఇసకలో పక్కకి పడి, కడుపంతా బయటపెట్టి ఉంది. తెగిన పైపు రెండు ముక్కలూ ఎదురుగా కనిపిస్తున్నాయి. నూకరాజు తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాడు. "బ్రేకు పళ్ళేదు, బ్రేకు పళ్ళేదు" అదే మాట.

ఇప్పటిదాకా చెప్పింది అసూయ, పిరికితనం. నువ్వు కావాలంటే క్షమించగలవు. ఇక్కడి నుంచి కుదరదు.

డీజిలు కారుతోంది, ఎవరూ దగ్గరికి రావద్దని అరిచాను. అందరూ దూరం జరిగారు. షెడ్డు నుంచి వెంట తెచ్చిన పానాకి గొట్టం తొడిగి ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. అక్కడ రెండు యూ బోల్టులు, నాలుగు నట్లు. బోల్టులు వదులైతే ఇరుసు జరుగుతుంది, ఇరుసు జరిగితే ఎంత పొడుగు పైపైనా లాక్కుని తెగుతుంది. అది చాలు నాకు. నట్టుకి పానా పెట్టి లాగాను. కదల్లేదు. రెండు చేతులా లాగాను. కదల్లేదు. లేచి నిలబడి ఆ గొట్టం మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసి తొక్కాను. మూడోసారి కిర్రుమంది. రెండు చుట్లు వదులు చేశాను. అలా నాలుగూ.

అప్పుడు నూకరాజుని పిలిచాను. "సూడు. నట్లు ఒదిలీసినాయి." వాడు చేత్తో తిప్పి చూశాడు. నట్టు వేళ్ళతోనే తిరిగింది. వాడు ఇసకలో కూలబడి, "మేస్త్రి బిగించినాడు గదరా" అన్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. చివరి బిగింపు ఎవరిదో ఉత్తరాంధ్రలో డ్రైవర్లందరికీ తెలుసు.

మేస్త్రికి నాలుగు వేళ్ళు తీసేశారు. పెద్దాసుపత్రిలో మంచం మీద ఉండి నన్ను అడిగిన మొదటి మాట, పైపు బాగానే ఉందా అని. పైపు మంచిదే, నట్లు వదిలేసి ఇరుసు జరగడంతో తెగింది అన్నాను. ఆయన కట్టు కట్టిన చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు. తరువాత కళ్ళ సంగతి కూడా బయటపడింది. గుడ్డివాడు బిగించాడన్నారు. సందులో కుర్రవెధవలు ఆయన వెళ్తుంటే "మేస్త్రీ, ఈ సైకిలు నట్టు కొంచెం బిగించవా" అని నవ్వేవారు. నేను విన్నాను. వాళ్ళని కొట్టబోయాను కూడా. నా నటన అంత బాగుండేది.

షెడ్డు నాకొచ్చింది. ఆయనే ఇచ్చాడు. బోర్డు మీద నా పేరు రాయించమని పెయింటర్ని ఆయనే పిలిచాడు.

ఈ మధ్య కొన్నేళ్ళుగా కొత్త రకం జనం వస్తున్నారు. పెద్ద పెద్ద కొత్త బళ్ళు కొని, అచ్యుతాపురం వైపు పొలాలమ్మిన వాళ్ళ కొడుకులు, కంట్రాక్టర్ల కొడుకులు, బీచి రోడ్డు మీద నాలుగు చక్కర్లు కొట్టడానికి బండి లేపమంటారు. ఇసకలో దిగరు, కొండ ఎక్కరు. ఊరికే ఎత్తుగా కనపడాలి. నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు మంట. అయినా చేస్తాను. మొదట బ్రేకు పైపులు మార్చి, ఆ తరువాతే మిగతా పని ముట్టుకుంటాను. మొదటి ప్రయాణం ఇరుసు మీద నిలబడి నేనే వెళ్తాను. ఎంత జాగ్రత్త మనిషో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అన్నవాడి నోరు మూయించాలనిపిస్తుంది.

మేస్త్రి పోయి మూడేళ్ళు. చివరి రోజుల్లో ఇంట్లో ఉన్న ప్రతి నట్టూ ఎడమ చేత్తో బిగిస్తూ ఉండేవాడు. మంచం కోళ్ళు, కుట్టు మిషను, తలుపు గడియ. "రోజూ ఇదే పని బాబూ" అని సత్తెమ్మగారు కళ్ళొత్తుకునేది. ఒకరోజు నేను వెళ్తే దగ్గరికి రమ్మని, చిన్నగా అడిగాడు.

"ఓరే, ఆ నట్లు ఎన్ని సుట్లు ఒదిలీసినాయిరా?"

"రెండు సుట్లు, మేస్త్రీ."

ఎంత కచ్చితంగా చెప్పాను! నేనే తిప్పాను కదా, నాకు తెలియదా. ఆయన ఎడమ చెయ్యి గాలిలోకి ఎత్తి, లేని పానా పట్టుకుని, నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాడు. "కిర్రుమన్నాది. నాను ఇన్నానురా," అన్నాడు. నన్ను అడగలేదు, తనకి తనే చెప్పుకున్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఇంకెవరూ లేరు గదిలో. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. లేచి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. ఆ తరువాత వెళ్ళింది పాడె మొయ్యడానికే.

సత్తెమ్మగారికి చెప్పు అంటావు. రెండు సందులవతలే ఉంటుంది, పండగొస్తే నా పిల్లలకి అరిసెలు పంపిస్తుంది. నువ్వెళ్ళి చెప్పు చేతనైతే. నేను చాలాసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు గడియ చూసి తిరిగొచ్చాను. అది ఇప్పటికీ ఎంత గట్టిగా ఉంటుందో, తియ్యడానికి ఆవిడకి రెండు చేతులూ కావాలి.

ఇంతే. తేలికపడ్డానా అంటే, కొంచెం. సిగ్గు పడాల్సిన విషయమే అయినా పడ్డాను. దీనికి శిక్ష ఉందో లేదో తెలియదు, నువ్వు వేసేది నేను ఒప్పుకోను. ఒక్క మాట మాత్రం రాసి తీరాలి, అది నీకు కాదు.

మేస్త్రీ, ఆ నాలుగు నట్లూ బిగుసుకునే ఉన్నాయి. ఒక్కటి కూడా ఒదల్లేదు. నా బరువంతా వేసి తొక్కితే గానీ కదల్లేదు.